పచ్చ ఈగ వాలిన కాలు

సోమవారం

ఈగల గది నుంచి వరహాలమ్మ రాస్తున్నది. గది నడిపేవాళ్లు రోజూ లాగ్ రాసి కిందికి పంపాలని నియమం. కిందంటే భూమి, మేం ఉండేది చంద్రుడి మీద ఓ గుహలో. ఇన్నాళ్లుగా నేను పంపినవాటికి "అందింది" అని తప్ప ఇంకో ముక్క రాలేదు. ఎవరూ చదవట్లేదని నిశ్చయించుకున్నాను కాబట్టి ఇకనుంచి నా ఇష్టం వచ్చినట్టు రాస్తాను.

ఈ రోజు గూళ్లలోంచి కొత్త పచ్చ ఈగలు బయటికి వచ్చాయి. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు. గూడు చూడ్డానికి గోధుమరంగు గింజలా ఉంటుంది. లోపల ఈగ తయారైపోతుంది గానీ, బయటపడడానికి దానికి పళ్లూ లేవు, గోళ్లూ లేవు. అందుకని నుదుటి మీద ఓ బుడగ ఊదుకుని, దాంతో మూతని పొడిచి పొడిచి ఊడగొడుతుంది. బయటికి వచ్చాక బుడగని లోపలికి లాగేసుకుంటుంది, మళ్లీ జన్మలో దాని జోలికి పోదు. కాసేపు ముడతల రెక్కలతో బిక్కమొహం వేసుకుని తిరుగుతుంది. రెక్కలు ఆరాక ఒంటికి రంగు వస్తుంది చూడండి, పచ్చా నీలమూ కలిసిన పట్టుచీరే. ఇంత అందగత్తెల్ని పట్టుకుని ఈ గుహలో అందరూ "ఛీ" అంటారు.

ఈసారి వీటితో నాకు చాలా అవసరం ఉంది. తోటలో కొత్తపల్లి కొబ్బరి మామిడి మొదటిసారి పూత వేసింది. తేనెటీగలు తెచ్చారు గానీ, చంద్రుడి మీద ఈ కొద్ది బరువుకి అలవాటు పడలేక దీపాలకి గుద్దుకుని చచ్చిపోయాయి. ఇక పుప్పొడి మోసే దిక్కు నా ఈగలే.

అడ్డంకల్లా తాతబ్బాయి గారు. ఆయన మా గుహకి పెద్ద, నాకు వరసకి బాబాయ్. ఈ గుహలో మొదట కాపురం పెట్టిన నలుగురిలో ఒకాయన. ఆయన పెట్టిన రూళ్లు అన్నీ ఇన్నీ కావు. భోజనశాలలో నా ఈగ ఒక్కటి కనిపిస్తే బోర్డు మీద నా పేరు కింద ఎర్ర చుక్క పెడతారు. మూడు చుక్కలైతే ఈగల గదికి చలి పెట్టేస్తారు, అంటే అన్నీ చచ్చిపోతాయి. ఇప్పటికి ఒక చుక్క ఉంది.

ఇంకో రూలు కాళ్ల తొట్టిది. చంద్రుడి దుమ్ము గాజుపొడి లాంటిది, చర్మానికీ ఊపిరితిత్తులకీ పడదు. కాబట్టి భోజనశాల గుమ్మంలో బూట్లు విప్పి, కాళ్లు కడుక్కుని, వట్టి కాళ్లతోనే లోపలికి రావాలి. ఎవరి కాళ్లకి వాళ్లు నీళ్లు పోసుకోకూడదు, ఎక్కువ పోసుకుంటారట. వెనకున్నవాళ్లు ఒక చెంబుడు పోస్తారు. అందుకే ఈ గుహలో ఎవరి మొహం మర్చిపోయినా కాళ్లు మర్చిపోము.

గురువారం

తోట తలుపు తీశాను. గదిలో పంచదార నీళ్లు ముందే ఆపేశాను, లేకపోతే ఇవి పూల మొహం చూడవు. ఈగ ఎగరాలంటే తీపి కావాలి, ఆ తీపి కోసమే పూత మీద వాలుతుంది, వాలినప్పుడు పుప్పొడి ఒంటికి అంటుకుంటుంది. దానికి తెలియకుండా మన పని చేసి పెడుతుంది.

ముందు తోట దాకా రప్పించాలిగా. దానికి మీరాబీ సాయం చేసింది. మీరాబీ వంటశాల పెద్ద. చేపల తొట్లలోంచి తీసిన జిలేబి చేపల తలకాయలు నాకు దాచిపెడుతుంది. వాటిని వల సంచుల్లో వేసి కొమ్మకో సంచి కట్టాం.

"వరాలక్కా, కంపు కొట్టేత్తందే బాబూ! కాయ కాసేలోపు మనం పోయేలా ఉన్నాం" అంది ముక్కు మూసుకుని.

"కంపు నీకు. వాటికిది సాంబ్రాణి" అన్నాను.

ఇక చూడాలి సందడి. ఆడ ఈగలు ముందు తలకాయల మీదికి వెళ్లాయి, గుడ్లు కట్టాలంటే వాటికి ఆ రసం కావాలి. ఆ తర్వాత అందరూ పూతల మీదికి. ఈగ రుచి చూసేది కాళ్లతోనే. పువ్వు మీద నడుస్తూ ఇక్కడ బావుంది, ఇక్కడ బాలేదు అని తేల్చుకుంటుంది. మధ్యాహ్నానికి పూత మీద ఎక్కడ చూసినా నా పిల్లలే.

అప్పుడు తాతబ్బాయి గారు తనిఖీకి వచ్చారు. ఒక్క నిమిషం కూడా కాలేదు, నాలుగైదు ఈగలు చేపతలని వదిలేసి ఆయన ఎడమ బూటు చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఆయన కాలు విదిలించారు. అవి లేచి మళ్లీ అక్కడే వాలాయి.

"ఏంటిది వరాలూ? నా ఎనకాల పడ్డాయేంటి?"

"మీరంటే ఇష్టమేమోనండీ."

"నువ్వు నేర్పావా వీటికి?"

"ఈగలకి చదువు చెప్పడమే వత్తే, ముందు మీ ఎర్ర చుక్కల సంగతి చెప్పేదాన్నండీ."

ఆయన నవ్వలేదు. మామూలుగా అయితే మీసం కిందనైనా నవ్వుతారు. వెళ్తుంటే నడక ఏదో తేడాగా అనిపించింది గానీ, ఇక్కడ అందరి నడకా గంతులే కాబట్టి పట్టించుకోలేదు.

ఆదివారం

ఈ రోజు నా నోరు నన్ను ముంచింది.

భోజనాల వేళ రెండు ఈగలు ఎలా దూరాయో దూరాయి. దూరి అన్నం మీద వాలలేదు, కూర మీద వాలలేదు. తిన్నగా తాతబ్బాయి గారి బల్ల కిందికి పోయాయి. మీరాబీ నా చెవిలో ఊదింది: పోయినసారి కింది నుంచి బండి వచ్చినప్పుడు ఎండు నెత్తళ్ల పొట్లం ఒకటి వచ్చిందట, అది కనబడటం లేదట, పెద్దాయనే దాచుకుని ఉంటాడట. ఎండుచేపలంటే ఆయనకి ప్రాణం, ఆ సంగతి గుహంతటికీ తెలుసు.

నేను ఊరుకోవచ్చుగా. లేచి నిలబడి అందరికీ వినబడేలా అడిగాను. "బాబాయ్ గారండీ, ఈగలు అబద్ధం ఆడవండీ. నెత్తళ్లు బూట్లో దాచారా, బొడ్డులో దాచారా?"

గుహ గుహంతా పగలబడి నవ్వింది. వాళ్లు నవ్వుతుంటే నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. "పంచి పెట్టండీ, పుణ్యం వత్తది" అని కూడా అన్నాను.

తాతబ్బాయి గారి మొహం పాలిపోయింది. చెయ్యి కడుక్కోకుండానే లేచి బోర్డు దగ్గరికి వెళ్లి, నా పేరు కింద రెండు చుక్కలు ఒకేసారి పెట్టారు. "శుక్రవారం ఈగల గదికి చలి పెట్టేయండి" అని చెప్పి వెళ్లిపోయారు.

పూత ఇంకా సగం కూడా విప్పుకోలేదు. ఈగలు పోతే ఈ ఏడు కాయ లేదు. కోపంతో నాకు అన్నం సయించలేదు.

మంగళవారం

పొద్దున్నే మీరాబీ దొంగమొహం వేసుకుని వచ్చింది. నెత్తళ్ల పొట్లం బియ్యం డబ్బా వెనకాల పడి ఉందట. పెద్దాయన దాన్ని ముట్టుకోనే లేదు.

"మరి ఈగలు ఆయన ఎనకాల ఎందుకు పడతన్నట్టు?" అంది.

నాకూ అదే ప్రశ్న. గుప్పెడు నెత్తళ్లు తీసుకుని ఈగల ముందు పెట్టాను. ఒకటి రెండు వాలి చూసి పోయాయి. ఉప్పు పట్టి, బాగా ఎండిపోయినవి వీటికి పనికిరావు. వీటికి తడి కావాలి.

ఆ తర్వాత తాతబ్బాయి గారి గది తలుపు దగ్గరికి వెళ్లాను. తలుపు సందు దగ్గర ఈగలు కాచుకుని కూర్చున్నాయి. గాజు గ్లాసు బోర్లించి పట్టి భూతద్దంలో చూశాను. మగ ఈగకి రెండు కళ్లూ నెత్తి మీద దాదాపు కలిసిపోతాయి. ఆడదానికి మధ్యలో జాగా ఉంటుంది. పట్టినవన్నీ ఆడవే. అన్నిటి కడుపులూ గుడ్లతో నిండి ఉన్నాయి. తిండి కోసం వచ్చినవి కావు ఇవి, పిల్లల్ని పెట్టడానికి చోటు వెతుక్కుంటున్నాయి. అలాంటి ఈగ వెతికేది ఒక్కటే, కుళ్లుతున్న మాంసం.

"మీరాబీ, ఈ మధ్య బాబాయ్ గారి కాళ్లకి నీళ్లెవరు పోశారు?" అని అడిగాను.

ఆమె ఆలోచించింది. "ఎవరూ పోయలేదక్కా. ఆయన వంటింటి గుమ్మంలోంచి వత్తన్నాడు. బూట్లతోనే. రూలు పెట్టిన మనిషి కదా, నేనేం అడగను?"

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆదివారం నాటి నా హుషారు గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోయాను. అందరి ముందూ ఆయన్ని నవ్వులపాలు చేశాను, ఆయన ఆ బల్ల కింద కుళ్లుతున్న కాలు దాచుకుని కూర్చుని ఉంటే.

బుధవారం

తలుపు కొట్టాను. "శుక్రవారం దాకా నీతో మాటల్లేవు, ఎల్లు" అన్నారు లోపలి నుంచి.

"ఈగల గురించి కాదండీ. కాలు గురించి."

లోపల మంచం కిర్రుమంది. తర్వాత గడియ తీశారు.

గదంతా కర్పూరం నూనె వాసన. ఆ వాసన కింద ఇంకో వాసన. అది నాకు బాగా తెలిసిన వాసనే, రోజూ ఆ వాసనలోనే నా బతుకు. ఆయన మంచం మీద కూర్చుని మెల్లగా బూటు విప్పారు. పాదం పక్కన, చిటికెన వేలి కింద పెద్ద పుండు. అంచులు నల్లగా, మధ్యలో పచ్చగా ఉంది. బూటులో దుమ్ము చేరి కోసిందట. ఆయనకి షుగరు, కాలు మొద్దుబారి ఉంది, కోసినట్టు తెలియలేదు. తెలిసేసరికే ముదిరిపోయింది.

"డాక్టరమ్మకి చూపించలేదేంటండీ?"

"చూపిత్తే దించేత్తారుగా."

అదీ ఆయన పెట్టిన రూలే. మానని పుండు ఉన్నవాళ్లని బండి ఎక్కించి కిందికి పంపాలి. గుహలో ఒకరి జబ్బు అందరికీ అంటుకోకుండా పెట్టిన రూలు అది. కానీ ఇన్నేళ్లు ఈ కొద్ది బరువులో తిరిగిన ఎముకలు కింద నిలబడవు. వెళ్లినవాళ్లు మంచం దిగలేదు, తిరిగీ రాలేదు.

"రాజ్యం ఇక్కడుందే" అన్నారు. రాజ్యం ఆయన భార్య, మా పిన్ని. మూడో వరసలో చివరి మామిడి కింద ఆమెని పూడ్చాం. "రోజూ పొద్దున్న అక్కడికెళ్లి రెండు ముక్కలు మాటాడి వత్తాను. కిందకి పోతే ఎవరితో మాటాడను? ఈ కాలుతో ఇక్కడ చచ్చిపోయినా పర్లేదు గానీ, ఆవిణ్ని ఒదిలేసి మాత్రం ఎల్లను."

నాకు ఏడుపు వచ్చేసింది. ఆదివారం అన్న మాటకి క్షమించమని అడిగాను. "పోనీలేవే, నెత్తళ్లు ఉంటే నిజంగానే దాచేవాణ్ని" అన్నారు. అప్పుడు మీసం కింద నవ్వారు.

గురువారం

ఎలాగో ఒప్పించి డాక్టర్ శ్యామలని తీసుకొచ్చాను. చిన్న వయసు, మాట మెత్తన, చెయ్యి గట్టిది. పుండు చుట్టూ వేలితో నొక్కి చూసింది.

"మందులు ఇస్తాను. కానీ చచ్చిపోయిన మాంసంలోకి రక్తం వెళ్లదు, మందూ వెళ్లదు. దాన్ని తీసేయాలి. నేను కత్తితో తీస్తే బతికున్నది కూడా పోతుంది. సగం పాదం తీసేసే ఆపరేషన్ ఇక్కడ చేయలేను" అంది. తర్వాత నా వైపు తిరిగింది. "చచ్చిన మాంసాన్ని మాత్రమే తిని, బతికున్నదాన్ని ముట్టుకోనివి మీ దగ్గర ఉన్నాయి కదా?"

నేను తలూపాను. తాతబ్బాయి గారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

"ఏంటవి?"

"ఈగ పిల్లలండీ" అన్నాను.

"పురుగులా? నా కాలు మీద పురుగులు పోత్తారా? మీకేవన్నా మతి పోయిందా?"

"చాలా పాత వైద్యమండీ ఇది" అంది డాక్టరమ్మ. "యుద్ధాల్లో పురుగు పట్టిన గాయాలే త్వరగా మానడం చూసి నేర్చుకున్నారు. అవి ఉమ్మే రసానికి చచ్చిన మాంసం కరిగిపోతుంది, సూక్ష్మజీవులు కూడా చాలావరకు చస్తాయి. నేను చదువుకున్నాను. ఎప్పుడూ చేయలేదు."

"నేను పెంచానండీ. కాలి మీద ఎప్పుడూ పెట్టలేదు" అన్నాను నేను. నిజం చెప్పేయడం మంచిదనిపించింది.

"బావుంది. ఇద్దరూ కలిసి నామీదే నేర్చుకుంటారన్నమాట."

వచ్చే ఆదివారం కాక ఆపై ఆదివారం బండి వస్తుంది. అప్పటికి పుండు మొహం మారకపోతే కిందికి రాయక తప్పదని డాక్టరమ్మ తేల్చి చెప్పింది. మారితే రాసే అవసరం లేదు. మానదని తేలితేనే కదా మానని పుండు.

ఆయన గోడ మీద ఉన్న పిన్ని ఫొటో వైపు చూశారు. కాసేపటికి, "మరి రేపు నీ గదికి చలి పెట్టమన్నానుగా" అన్నారు.

"పెట్టేయండి. రూలు రూలే" అన్నాను.

"నోరు ముయ్యవే" అని, వెళ్లి ఆ ఆర్డరు కొట్టేసి వచ్చారు.

శుక్రవారం

నిన్న రాత్రే గుడ్లని డాక్టరమ్మ మందు నీళ్లలో కడిగింది, వాటి మీది మురికి పుండుకి అంటకూడదని. పొద్దుటికి పిల్లలు బయటికి వచ్చాయి, ఆవగింజలో సగం కూడా లేవు. సన్నటి గుడ్డలో పెట్టి పుండు మీద కట్టాం. ఊపిరాడాలి కదా, అందుకని గట్టిగా మూయలేదు.

"ఊపిరి దేంతో పీలుత్తాయి?" అన్నారాయన, భయాన్ని కబుర్లలో కలిపేస్తూ.

"తోక వైపు నుంచండీ. తల తిండిలో ముంచేసి, ముక్కు వెనకాల పెట్టుకుని హాయిగా తింటాయి. మధ్యలో ఊపిరికి ఆగక్కర్లేదు."

"కంచంలోంచి తలెత్తని మన గోపురాజు గాడు గుర్తొత్తన్నాడు" అన్నారు. డాక్టరమ్మ ఫక్కున నవ్వి, కట్టు చెదిరిపోకుండా మళ్లీ సరిచేసింది.

ఆదివారం

మొదటి కట్టు విప్పాం. పిల్లలు బియ్యపు గింజలంత అయ్యాయి, చక్కగా బలిశాయి. వాసన తగ్గింది. కానీ అంచు ఇంకా నల్లగానే ఉంది, లోపలి వైపు ఇంకో పొర బయటపడింది. అనుకున్నదానికంటే లోతుగా ఉంది పుండు. డాక్టరమ్మ మొహంలో నాకు ధైర్యం కనిపించలేదు.

ఆయనకీ అది కనిపించినట్టుంది. "వరాలూ, ఒకేళ నన్ను దించేత్తే, పొద్దున్నపూట రాజ్యం దగ్గరికి నువ్వెళ్లి కూర్చో. ఊరికే మీరాబీ ఏం కూర వండిందో చెప్పు చాలు, ఇంటది" అన్నారు.

"మీరే చెప్పుకోండి. నాకు తీరిక లేదు" అని అక్కడి నుంచి వచ్చేశాను. తోటలో కాసేపు ఏడ్చాను. పూత మీద ఈగలు వాటి పని అవి చేసుకుంటున్నాయి. మధ్యాహ్నం కొత్త పిల్లలు పెట్టి రెండో కట్టు కట్టాం.

బుధవారం

తలుపు మీద దబదబా బాదుతుంటే లేచాను. చూస్తే తాతబ్బాయి గారు ఒంటికాలి మీద గెంతుకుంటూ నా గుమ్మంలో ఉన్నారు.

"నీ పిల్లలు పారిపోతన్నాయే!"

తప్పు నాదీ డాక్టరమ్మదీ. నిన్ననే కట్టు విప్పాల్సింది. గుహలో సగం మందికి జలుబు పట్టుకుని ఆమెకి తీరలేదు, ఆమె చెబుతుందని నేను ఊరుకున్నాను. కడుపు నిండిన ఈగ పిల్ల తిండి దగ్గర ఒక్క క్షణం ఉండదు. గూడు కట్టుకోవడానికి చీకటిగా, పొడిగా ఉన్న చోటు వెతుక్కుంటూ బయలుదేరుతుంది. కట్టు సందుల్లోంచి వరసకట్టి దుప్పటి మీదికి, దుప్పటి మీంచి మంచం కోళ్ల మీదికి తీర్థయాత్ర సాగుతోంది. ఇద్దరం నేల మీద కూర్చుని ఒక్కొక్కటీ ఏరాం. గుహకి పెద్ద అయిన మనిషి మంచం కింద దూరి "ఇటొత్తందే, పట్టుకో పట్టుకో" అని అరుస్తుంటే నవ్వాపుకోలేకపోయాను.

"ఒకటి తప్పిచ్చుకుంది. మీ పిన్ని ఫొటో వైపు పోవడం చూశాను" అన్నారు ఆయాసపడుతూ.

ఫొటో వెనక్కి చూశాను, దొరకలేదు. ఏరినవి పట్టుకొచ్చి వంటశాల వెనక పెంచే కోళ్లకి వేశాను.

తిరిగి వెళ్లేసరికి డాక్టరమ్మ వచ్చి మిగిలినవి తీసేసి, పుండు కడిగి, మామూలు కట్టు కట్టేస్తోంది. చూడనివ్వలేదు. "శనివారం దాకా ఎవరూ విప్పొద్దు" అంది.

శనివారం

కట్టు విప్పాం.

నలుపు లేదు. పచ్చన లేదు. పుండంతా ఎర్రగా, గింజలు గింజలుగా, దానిమ్మపండు ఒలిచినట్టు ఉంది. డాక్టరమ్మ దూదితో అంచు తాకింది, చుక్క నెత్తురు వచ్చింది. ఆ నెత్తురు చూసి ఆమె కుర్చీలో కూలబడి చేతుల్లో మొహం దాచుకుంది.

"ఏమ్మా, పోయిందా కాలు?" అన్నారాయన.

"రక్తం వస్తోందండీ. బతికే ఉంది. మానుతుంది."

ఆయన ఫొటో వైపు తిరిగి చాలాసేపు చూస్తూ కూర్చున్నారు. మేం ఇద్దరం మెల్లగా బయటికి వచ్చి తలుపు దగ్గరగా వేశాం.

ఆదివారం

బండి వచ్చింది. ఉల్లిపాయలూ దీపాలూ ఉత్తరాలూ దింపింది. ఇక్కడి నుంచి ఎవరినీ ఎక్కించుకోకుండా వెళ్లిపోయింది. మీరాబీ చేపల పులుసు పెట్టింది.

ఇంకో ఆదివారం

చాలా రోజులు లాగ్ రాయలేదు. కింద ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. వస్తే చదువుతున్నారని తెలుస్తుంది.

మూడో వరసలో చివరి చెట్టుకి పిందె పడింది. మిరియపు గింజంత ఉంది. మొదట చూసింది నేను కాదు, పొద్దున్నే అక్కడ కూర్చుని కబుర్లు చెప్పే మనిషి చూశారు.

మధ్యాహ్నం భోజనాలకి వెళ్తే గుమ్మం ముందు జనం ఆగిపోయి ఉన్నారు. తాతబ్బాయి గారు వంటింటి వైపు నుంచి కాకుండా ముందు గుమ్మంలోంచి వచ్చారు. కాళ్ల తొట్టి అంచున కూర్చుని కుడి బూటు విప్పారు, తర్వాత ఎడమది. ఎన్నాళ్లకో ఆయన కాలు చూశారు అందరూ. చిటికెన వేలి కింద గుంట పడి, పైన పలచటి గులాబీరంగు చర్మం వచ్చింది.

"పుండు దాచకూడదని రూలు పెట్టింది నేను. దాచింది నేను" అన్నారు అందరికీ వినబడేలా. బోర్డు వైపు చెయ్యి చూపించారు. నా పేరు కింద చుక్కలు లేవు. ఆయన పేరు కింద ఒక ఎర్ర చుక్క ఉంది. "ఇంక నీళ్లు పొయ్యవే వరాలూ. వెనక జనం ఆకలితో ఉన్నారు."

చెంబు తీసుకుని వంగాను. అప్పుడు ఆయన చొక్కా చేతిలోంచి ఓ పచ్చ ఈగ బయటికి వచ్చింది. మీరాబీ గరిటె ఎత్తింది.

"ఆగవే! అది మా ఇంటి పిల్ల" అన్నారు. ఫొటో వెనకాల గూడు కట్టుకున్నదట. బయటికి వచ్చి వారం దాటిందట. రోజూ చెంచాతో పంచదార నీళ్లూ, చేప రసమూ పెడుతున్నారట. ఈగ కనిపిస్తే చుక్క పెట్టే మనిషి ఈయనే.

ఈగ ఓ చుట్టు తిరిగి ఆయన ఎడమ కాలి మీద వాలింది. ఆడ ఈగే, గుడ్లతో ఉంది. ఎక్కడన్నా లోపల కుళ్లు మిగిలి ఉంటే దానికి దొరక్కుండా పోదు. డాక్టరమ్మ కూడా వచ్చి నా వెనక నిలబడింది. ఈగ కొత్త చర్మం మీద అటూ ఇటూ నడిచింది. అంచు చూసింది, గుంటలోకి దిగి చూసింది, మళ్లీ పైకి వచ్చింది. ముందు కాళ్లు రెండూ రుద్దుకుంది. తర్వాత లేచి, ఆయన వైపు కన్నెత్తి చూడకుండా, తెరిచి ఉన్న తోట తలుపులోంచి పూత వైపు ఎగిరిపోయింది.

"ఏమ్మా, అప్పుడే మోజు తీరిపోయిందా?" అన్నారు తాతబ్బాయి గారు. నవ్వుతూనే అన్నారు గానీ కళ్లు తుడుచుకున్నారు.

నేను ఒక చెంబుడు నీళ్లు ఆయన కాళ్ల మీద పోశాను. తర్వాత, రూలు ప్రకారం పోయకూడని రెండో చెంబు కూడా పోశాను.